లెడ్జర్ తెప్పించిన, 24 పదాలు ఎక్కడ పెట్టాలె?

నయీంనగర్_నోడ్
అందరికి నమస్తే. లెడ్జర్ నానో ఎస్ ప్లస్ (క్రిప్టో తాళంచెవి దాచే చిన్న మెషిన్) వచ్చింది, ఇంకా సెటప్ చెయ్యలే. ఎక్స్ఛేంజీల 0.04 బిట్‌కాయిన్, కొంచెం యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో) ఉన్నయ్. మాది హన్మకొండల వానకాలం నీళ్లొచ్చే కాలనీ, మెషిన్ పోతే పైసలు మళ్ల తెరిచే 24 పదాలు కాగితం మీద రాసి బీరువాల పెట్టుడు నమ్మకం లేదు. 12 పదాలు ఇక్కడ, మిగతా 12 పరకాలల అమ్మానాయిన దగ్గర పెడితే అయితదా? లేకపోతే బ్యాంకు లాకరా? ఫోన్‌తోని సెటప్ అయితదా? ఎక్కడ తప్పు పోతదో చెప్పుండ్రి.

మానేరు_తీరం
ముందు డబ్బా సంగతి. మెషిన్ ఆన్ చేయగానే కొత్త పిన్ పెట్టుకొమ్మని అడగాలి. పిన్ ముందే పెట్టి ఉన్నా, కార్డు మీద పదాలు ముందే రాసి ఉన్నా అది మోసం, వాడొద్దు. 24 పదాలు మెషిన్ తెర మీదే పుట్టాలి, మీరే చేత్తో రాసుకోవాలి.

యాప్‌ను లెడ్జర్ సొంత సైట్ నుంచే దించుకోండి. అడ్రస్ మీరే టైప్ చేయండి, గూగుల్లో పైన కనిపించే ప్రకటన నొక్కొద్దు. 2023లో మైక్రోసాఫ్ట్ స్టోర్లోనే నకిలీ లెడ్జర్ యాప్ దూరి జనం బిట్‌కాయిన్లు ఊడ్చుకుపోయింది. యాప్‌లో మెషిన్ అసలుదేనా అన్న పరీక్ష పూర్తయ్యాక ఫర్మ్‌వేర్ (మెషిన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, మెషిన్‌లో బిట్‌కాయిన్ యాప్ వేసుకోండి.

ఎస్ ప్లస్‌కు బ్లూటూత్ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌కు కేబుల్‌తో కలుస్తుంది, ఐఫోన్‌కు కలవదు. కలవడం లేదంటే చాలాసార్లు తప్పు కేబుల్‌దే. ఛార్జింగ్ మాత్రమే అయ్యే కేబుళ్లు ఇళ్లలో బోలెడు ఉంటాయి, డేటా వెళ్లే కేబుల్ పెట్టి చూడండి.

పిన్ 4 నుంచి 8 అంకెలు, 8 పెట్టండి. మూడుసార్లు తప్పు కొడితే మెషిన్ తనను తాను చెరిపేసుకుంటుంది. దానికి భయపడక్కర్లేదు, దాన్నే పరీక్షకు వాడుకోవచ్చు. ఎక్స్ఛేంజీ ఒప్పుకునే కనీస మొత్తం బిట్‌కాయిన్ ముందు పంపండి. అది చేరాక కావాలనే మూడుసార్లు తప్పు పిన్ కొట్టి, మీరు రాసుకున్న పదాలతో తిరిగి తెరవండి. ఆ చిన్న మొత్తం మళ్లీ కనిపిస్తే మీ రాత సరైనదే, అప్పుడే మిగతాది పంపాలి. ఈ పని ఎగ్గొట్టినవాళ్లకు ఒక పదం తప్పు రాశారన్న సంగతి ఏళ్ల తర్వాత, మెషిన్ చెడిపోయిన రోజు తెలుస్తుంది.

ఓరుగల్లు_చెయిన్
తమ్మీ, 12-12 పంచుడు వద్దు. 12 పదాలు దొరికినోడు మిగతా 12 కనుక్కోలేడు, అది నిజమే. కానీ రెండు చోట్ల ఏ ఒక్కటి పోయినా నీ పైసలు మొత్తం పోతయ్. దొంగ భయం తగ్గింది గని, పోయే దారి రెండింతలైంది. మొత్తం 24 ఒక్క స్టీలు రేకు మీద పంచ్‌తోని కొట్టు, అట్లాంటి రేకులు రెండు చెయ్యి: ఒకటి నీ దగ్గర, ఒకటి పరకాలల.

కాగితం సంగతి నువ్వన్నది కరెక్టు. 2023 జూలై వానలకు వరంగల్, హన్మకొండ కాలనీల ఇండ్లళ్లకు నీళ్లు జొచ్చినయ్. లాకర్ల పెట్టినా అంతే: రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం వరద లాంటి ప్రకృతి విపత్తుకు బ్యాంకు బాధ్యత ఉండది. అందుకే స్టీలు.

304 రకం స్టెయిన్‌లెస్ రేకు, 2 మిల్లీమీటర్ల మందం తీసుకో. అల్యూమినియం వద్దు, అది 660 డిగ్రీలకే కరుగుతది, స్టీలు 1400 దాకా ఆగుతది. పదం మొత్తం కొట్టనక్కర లేదు. ఈ పదాలన్నీ ఒక ఖాయం ఇంగ్లీషు జాబితా నుంచే వస్తయ్, దాంట్ల ఉన్న 2048 పదాల్ల ఏ రెండింటికీ మొదటి నాలుగక్షరాలు ఒక్కతీరు ఉండవు. ఇంకా సులువు కావాల్నంటే పదం వరుస సంఖ్య కొట్టు. అంకెల పంచ్ సెట్ల 9 ముక్కలే ఉంటయ్, 6 తిప్పితే 9. అక్షరాల సెట్ కంటే పని తొందరగ అయితది. మొదటి పదం 0001, చివరిది 2048 అని లెక్క పెట్టు. కొన్ని జాబితాలు సున్నా నుంచి మొదలుపెడతయ్, అక్కడ తేడా వస్తె పదాలన్నీ ఒక్కటి పక్కకు జరుగుతయ్. ఒక్కో సంఖ్య పక్కన అది 24ల ఎన్నో పదమో కూడ కొట్టాలె, వరుస తప్పితే వాలెట్ తెరుచుకోదు.

పంచ్ 3 లేదా 4 మిల్లీమీటర్లది, సుత్తె కిలోది. రేకు కింద మందపు ఇనుప దిమ్మ పెట్టు. చెక్క మీద పెడితే రేకు వంగి అంకె లోతుగ దిగది. ఒక్క దెబ్బల పడాలె, రెండోసారి కొడితే అంకె జోడు పడి 3 గూడ 8 లెక్క కనిపిస్తది.

గిన్నెల మీద పేర్లు చెక్కే దుకాణంల ఇచ్చి కొట్టియ్యకు. జిరాక్సు, లామినేషన్, ఫోన్ల ఫోటో, వాట్సాప్ ఏదీ వద్దు.

నయీంనగర్_నోడ్
సమజైంది అన్నా, రెండు రేకులు చేస్త. పరకాల రేకు ఎవలకన్న దొరికితే ఎట్ల మరి? యూఎస్‌డీటీ ట్రాన్ నెట్‌వర్క్ మీద ఉంది, అది గూడ గిట్లనే పంపాల్నా? ట్యాక్స్ పడతదా?

మానేరు_తీరం
దొరికితే ఎలా అన్నదానికి పాస్‌ఫ్రేజ్ ఉంది. 24 పదాలకు తోడు మీరు పెట్టుకునే రహస్య మాట, రేకుతో కలపకుండా వేరే చోట ఉంచాలి. చిన్నక్షరం పెద్దక్షరం, ఖాళీ జాగా అన్నీ లెక్కే. తప్పు కొట్టినా మెషిన్ తప్పని చెప్పదు, మరో ఖాళీ వాలెట్ తెరుస్తుంది. మరిచిపోతే ఎవరూ తీయలేరు, కాబట్టి అదీ రాసి పెట్టుకోగలిగితేనే పెట్టండి.

యూఎస్‌డీటీ పంపేటప్పుడు ఎక్స్ఛేంజీలో ట్రాన్ నెట్‌వర్కే ఎంచుకోండి, మీ వాలెట్ అడ్రస్ Tతో మొదలవ్వాలి. లెడ్జర్‌లో ట్రాన్ యాప్ కూడా వేసుకోండి. తిరిగి బయటికి పంపడానికి ఫీజు కింద కొంత టీఆర్ఎక్స్ (ట్రాన్ సొంత కాయిన్) కావాలి, అది లేకపోతే యూఎస్‌డీటీ ఎంతున్నా కదలదు. ముందే కొంచెం టీఆర్ఎక్స్ పంపి ఉంచండి.

అడ్రస్‌ను ఫోన్ తెర మీద చూసి సరిపెట్టుకోవద్దు, మెషిన్ తెర మీద వచ్చినదానితో మొదటి నుంచి చివరి దాకా పోల్చండి. కాపీ చేసిన అడ్రస్‌ను మార్చేసే వైరస్‌లున్నాయి. మునుపటి లావాదేవీల చిట్టా నుంచి అడ్రస్ తీసుకోవద్దు, మొదలూ చివరా మీ అడ్రస్‌లాగే ఉండే నకిలీ అడ్రస్‌లను మోసగాళ్లు అందులోకి ఎక్కిస్తారు.

సొంత వాలెట్‌కు పంపడం అమ్మకం కాదు, దాని మీద 30 శాతం పన్ను రాదు. అమ్మిన రోజు మాత్రం కొన్న ధర చూపాల్సి వస్తుంది. ఎక్స్ఛేంజీ ఎప్పుడు మూతపడుతుందో తెలియదు, కొనుగోళ్ల స్టేట్‌మెంట్ ఇప్పుడే దించి పెట్టుకోండి.

ఓరుగల్లు_చెయిన్
ఇంకొకటి. 2020ల లెడ్జర్ కొనుగోలుదారుల పేర్లు, ఇంటి అడ్రసులు లీకైనయ్. ఆ తర్వాత కొందరికి పోస్టుల నకిలీ మెషిన్లే వచ్చినయ్, మారుస్తున్నమని చెప్పి. ఉత్తరం, ఫోన్, మెయిల్ ఏది వచ్చినా సరే, పదాలు అడిగితే దొంగే. ఆ పదాలు మెషిన్ల తప్ప ఎక్కడా టైప్ చెయ్యకు. పరకాలల అమ్మానాయినకు గూడ ఈ ముక్క చెప్పి పెట్టు.