పాత ట్రాక్టరుతో గడ్డి కోత: క్లచ్ తొక్కినా బండి ఆగలేదు, ఎందుకు?

పాతఇనుము:
అందరికీ నమస్కారం. ఏళ్ళ తరబడి షెడ్డులో మూలన పడున్న ఫోర్డ్ 8ఎన్ ఒకటి చేతికొచ్చింది. ఈ రకం 1947 నుంచి 1952 దాకా తయారైంది. ఇంజను బ్లాకు ఎడమ పక్క కొట్టిన నంబరు చూస్తే మాది 1950 బండి. వచ్చినప్పుడు ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు పీకి నాలుగు సిలిండర్లలోనూ తుప్పు వదిలించే నూనె పోశా. రోజూ కాస్త పోస్తూ, టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని అటూ ఇటూ ఊపుతూ ఉంటే ఎనిమిదో రోజు టక్కుమని కదిలింది. ఇంట్లోవాళ్ళందరినీ పిలిచి మరీ చూపించా.

కార్బురేటర్ అడుగున పెట్రోలు ఎండి బంకై కూర్చుంది, కడిగా. గేరు నూనె విప్పితే పాలలా తెల్లగా దిగింది, నీళ్ళు చేరాయన్నమాట. గేర్‌బాక్సుకూ, వెనక పరికరాన్ని ఎత్తే లిఫ్టుకూ, డిఫరెన్షియల్‌కూ కలిపి ఒకటే నూనె, 19 లీటర్ల దాకా పట్టింది. అడుగున మూడు ప్లగ్గులుంటాయి, మూడూ విప్పాలి. నేను ఒకటే విప్పి అయిపోయిందనుకుని ఆ పని రెండుసార్లు చేశా.

అసలు సంగతికొస్తా. నిన్న అయిదడుగుల రోటరీ కట్టర్ తగిలించి నడుమెత్తు గడ్డిలోకి దిగా. రెండు సాళ్ళు బాగానే కోసింది. కంచె దగ్గర తిప్పుదామని క్లచ్ తొక్కితే బండి ఆగలేదు. పైగా వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు ముందుకే పోయింది. రెండు కంచె గుంజలు పడుకున్నాక ఆగింది. క్లచ్ ప్లేటు పోయినట్టేనా? బండిని నడుం దగ్గర విడదీయక తప్పదా?

గ్రీజుచేతులు:
మనుషులెవరికీ ఏం కాలేదు కదా, ముందది చెప్పండి. స్పానర్లు పక్కన పెట్టండి, ఏమీ విప్పొద్దు. కట్టర్ తీసేసి ఉత్త బండి నడిపి క్లచ్ తొక్కి చూడండి.

పాతఇనుము:
ఎవరికీ ఏం కాలేదండీ, గుండె మాత్రం జారింది. ఉత్త బండైతే తొక్కీ తొక్కగానే ఆగుతోంది!

గ్రీజుచేతులు:
అయితే మీ క్లచ్ బంగారంలా ఉంది. ఆ కాలపు చాలా బండ్లలో పీటీవోకి, అంటే కట్టర్‌ను తిప్పే వెనక షాఫ్టుకు, కదలిక క్లచ్ దాటాక గేర్‌బాక్సులోంచే వస్తుంది. క్లచ్ తొక్కితే ఇంజను ఒక్కటే విడిపోతుంది. గేర్లు, వెనక చక్రాలు, పీటీవో షాఫ్టు మాత్రం పళ్ళతో ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. మీ కట్టర్ కింద బ్లేడ్లు, వాటిని మోసే బరువైన ఇనుప పళ్ళెం గిర్రున తిరుగుతున్నాయి. ఆ ఊపు ఎక్కడికి పోతుంది? షాఫ్టు వెంట వెనక్కొచ్చి గేర్లను తిప్పుతుంది, గేర్లు చక్రాలను తిప్పుతాయి. అప్పటిదాకా బండి కట్టర్‌ను తిప్పింది. మీరు క్లచ్ తొక్కాక ఆ కాసేపూ కట్టర్ బండిని నడిపింది.

మందు ఒకటే, ఓవర్ రన్నింగ్ క్లచ్. పేరు పెద్దది గానీ సైకిలు వెనక చక్రంలో ఉండే ఫ్రీవీలే. తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది, పెడళ్ళు తిరగవు కదా? అదే పని ఇది పీటీవో మీద చేస్తుంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మీ బండి పీటీవో షాఫ్టు లావు 1⅛ అంగుళాలు. తర్వాత వచ్చిన ఆరు పళ్ళ షాఫ్టులు 1⅜. ఆ తేడా కూడా తీర్చే రకం ఒకే ముక్కగా దొరుకుతుంది, అది తీసుకోండి. అడాప్టర్ మీద అడాప్టర్ వేస్తే వెనకాల పొడవు పెరిగి ఇంకో తలనొప్పి.

మూడోగేరు:
ఇంత హడావుడి ఎందుకు అన్నా, బ్రేకు గట్టిగా తొక్కితే ఆగదా? మా ఇంట్లో ఇలాంటి బండితోనే ఎన్నో ఏళ్ళు గడ్డి కోశారు, ఆ ముక్క పేరే వినలేదు.

గ్రీజుచేతులు:
ఆగుతుంది తమ్ముడూ, బ్రేకులు పట్టే స్థితిలో ఉంటే. పాత బండ్లలో యాక్సిల్ ఆయిల్ సీలు కారి బ్రేకు లైనింగు నూనెలో నానిపోయి ఉండటం చాలా మామూలు. పట్టినా ఆ కుస్తీ అంతా గేరు పళ్ళ మీదే జరుగుతుంది. మీ ఇంట్లోవాళ్ళు తెలిసో తెలియకో ఇంకో పని చేసుండాలి: క్లచ్ తొక్కుతూనే గేరు న్యూట్రల్‌కి లాగడం. కుదిరితే ఆగుతుంది. కట్టర్ తోస్తున్నప్పుడు గేర్ల మీద బరువుండి లివరు కదలదు, సరిగ్గా కావలసినప్పుడే కుదరదు.

గట్టుమీద:
నాది ఫెర్గూసన్ టీఈ20. 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండులోని కోవెంట్రీలో అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి, అందుకే ఈనాటికీ విడిభాగాలకు లోటు లేదు. ఇదే జబ్బు దీనికీ ఉంది. ఇంకోటి కూడా ఉంది, పాతఇనుము గారూ, అది మీ బండికీ వర్తిస్తుంది. లిఫ్టు పంపు పీటీవో తిరిగితేనే తిరుగుతుంది. అంటే క్లచ్ తొక్కి లిఫ్టు లివరు ఎత్తితే ఏమీ లేవదు. గట్టు రాకముందే, బండి కదులుతుండగానే కట్టర్ లేపుకోవాలి. దారిలో పీటీవో తీసేసి నడిపితే కట్టర్ మెల్లగా కిందికి దిగిపోతుంది. నేను గొలుసు వేసి కడతా.

డీజిల్‌వాసన:
ఈ గొడవలు పడలేకే నేను మాస్సీ ఫెర్గూసన్ 35కి మారా. మూడు సిలిండర్ల పెర్కిన్స్, 152 ఘనపుటంగుళాలు, అంటే రెండున్నర లీటర్లు. నా బండిలో రెండంచెల క్లచ్ ఉంది. సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీవో తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. గడ్డి దట్టంగా ఉన్నచోట సగం తొక్కి నిలబడితే కట్టర్ తన ముద్ద తాను నమిలేసుకుంటుంది, మళ్ళీ వదులుతా.

సుఖమే అనుకోకండి. డీజిల్ ఒక్కసారి అయిపోయిందా, గాలి తీయడమే ఒక పూట పని. ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతూ బుడగలు ఆగేదాకా చూడాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూలు. చివరికి నాజిళ్ళ దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫు కొట్టాలి. ఈ వరస తప్పితే మళ్ళీ మొదటికొస్తాం. చేతిపంపు ఎంత కొట్టినా ఒత్తిడి రాకపోతే పంపు పోయిందని మార్చేయకండి. పంపును ఆడించే క్యామ్ ఎత్తు మీద ఆగి ఉంటుంది, ఇంజను ఒక చుట్టు తిప్పి కొట్టండి. ఇది తెలియక నేను మంచి పంపు విప్పి పారేశా.

పాతఇనుము:
అందరికీ ధన్యవాదాలు, ముక్క తెప్పిస్తున్నా. ఇంకో సందేహం. మెత్తటి గడ్డిలో ఇంజను బాగుంటుంది. చిక్కటి గడ్డి తగిలితే దగ్గుతుంది, మిస్సింగు కొడుతుంది. బండికి బలం చాలట్లేదా?

గ్రీజుచేతులు:
రెండు సంగతులున్నాయి. రోటరీ కట్టర్‌కు అడుగు వెడల్పుకు అయిదు హార్స్ పవర్ అని ఒక మోటు లెక్క ఉంది. మీ బండి పీటీవో దగ్గర ఇచ్చేది పాతిక దగ్గర్లోనే. అయిదడుగుల కట్టర్ అంటే అంచు మీద నడుస్తున్నారు. చిక్కటి గడ్డిలో సగం వెడల్పే కోయండి. బలం చాలట్లేదని యాక్సిలరేటర్ మాత్రం తగ్గించకండి. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరగాలంటే మీ ఇంజను 1500 దగ్గర ఉండాలి, నెమ్మది కావాలంటే గేరుతోనే. ఆ మొదటి గేరు కూడా కోతకు కాస్త వేగమే, దానికి మందు లేదు.

దగ్గడం మాత్రం బలం మాట కాదనిపిస్తోంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాపు ఎంత పెట్టారు? డిస్ట్రిబ్యూటర్ ఎక్కడుంది, ముందు ఫ్యాను కిందా, ఇంజను పక్కనా?

పాతఇనుము:
పక్కన. గ్యాపు పాత పుస్తకంలో చూసి 0.015 అంగుళాలు పెట్టా.

గ్రీజుచేతులు:
దొరికింది. 1950లోనే డిస్ట్రిబ్యూటర్‌ను ముందు నుంచి పక్కకు మార్చారు. 0.015 ముందున్నదానికి. పక్కదానికి 0.025. మీ పుస్తకం సరైనదే, బండి మారింది.

పాతఇనుము:
మార్చా. దగ్గు మాయం. నోట మాట రావట్లేదు.

మూడోగేరు:
ఆ 6 వోల్టులు పీకేసి 12 చేసేయండి, సగం రోగాలు పోతాయి.

గ్రీజుచేతులు:
అది తర్వాత. సెల్ఫు నీరసంగా తిరుగుతుంటే ముందు తీగలు చూడాలి. 6 వోల్టుల్లో అదే పనికి రెట్టింపు కరెంటు పారుతుంది, కారు బ్యాటరీకి వాడే సన్నటి కేబుల్ వేస్తే అందులోనే వేడెక్కి ఖర్చయిపోతుంది. వేలంత లావు కేబుల్ వేసి, ఎర్త్ బిగించే చోట రంగు గీకి ఇనుము తళతళలాడేలా చేస్తే చాలా బండ్లు లేస్తాయి. ఈ బండికి ఎర్త్ ప్లస్ వైపు అని కూడా గుర్తుంచుకోవాలి. 12కి మార్చేవాళ్ళు కాయిల్‌కు రెసిస్టర్ వేయడం మరిచి కాల్చుకుంటారు.

పూలమొక్క:
ఎవరూ కట్టర్ బారు మాటెత్తలేదేమిటి? కత్తెరలా అటూ ఇటూ ఆడే పాతకాలపు బారు. నేను పదేళ్ళుగా దాంతోనే కోస్తున్నా. తిరిగే బరువు లేదు కాబట్టి బండిని తోయదు. రాళ్ళు విసరదు. గడ్డి నుజ్జవదు, పొడవుగా పడుకుంటుంది, పశువులకు ఎండబెట్టుకునేవాళ్ళకు ఇంతకంటే మేలైనది లేదు. బలం కూడా తక్కువే తింటుంది.

ఓపిక మాత్రం కావాలి. ఆడే కత్తి ముక్కలు ఆ చివరా ఈ చివరా సరిగ్గా బారు ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప వేళ్ళ నడిమికొచ్చి ఆగాలి. లేదంటే కోయదు, నములుతుంది. బారు బయటి కొస లోపలి కొస కంటే కొంచెం ముందుండాలి, మీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున. నడుస్తుంటే గడ్డి తోపుకు అది వెనక్కి వాలి తిన్నగా అవుతుంది. అరిగిన బండికి ఆ వాలు ఇంకాస్త కావాలి. ఆ ఇనుప వేళ్ళలో కత్తికి ఆనుకుని ఉండే బిళ్ళలు మొండివైతే కత్తికి ఎంత సాన పట్టినా వృథా. గడ్డి చిక్కుకుంటే పీటీవో తీసి, ఇంజను ఆపి, అప్పుడే దిగి తీయాలి. చేత్తో లాగితే కత్తి కదిలి చేతివేళ్ళు పోతాయి.

పాతఇనుము:
నాలుగో వారం కబురు. ఓవర్ రన్నింగ్ క్లచ్ బిగించా. చెప్పినట్టే వెనక పొడవు పెరిగింది, లిఫ్టు ఎత్తగానే, కట్టర్‌కు పోయే షాఫ్టులో ఒకదాంట్లో ఒకటి జారే గొట్టాలు అడుక్కి తగిలి కుక్కుకున్నాయి. రెండు గొట్టాలనూ, వాటి మీది గార్డులనూ సమానంగా కోశా. అతి పొట్టిగా ఉన్నప్పుడు అడుక్కి తగలకూడదు, అతి పొడవుగా ఉన్నప్పుడు మూడో వంతైనా ఒకదాంట్లో ఒకటి ఉండాలి. మళ్ళీ జోడించేటప్పుడు రెండు కొసల క్రాసులూ ఒకే వరసలో ఉండేలా చూశా, లేకపోతే వణుకుతుందట.

కొత్త తంటా: అరగంట కోతకే నీళ్ళు మరుగుతున్నాయి.

గట్టుమీద:
రేడియేటర్ ముందు గడ్డి పూత, గింజలు దుప్పటిలా పరుచుకుని ఉంటాయి, టార్చి వేసి చూడండి. ఫ్యాను వైపు నుంచి ముందుకు గాలి కొట్టాలి, ముందు నుంచి కొడితే లోపలికి దిగిపోతాయి. నేను ముందు సన్న జల్లెడ కట్టి, రెండు సాళ్ళకోసారి దులుపుతా.

డీజిల్‌వాసన:
గట్ల మీద కోసేవాళ్ళకు ఒక మాట. ఆ బండి బరువు 1100 కిలోల లోపే, దాని వెనక అంత ఇనుము వేలాడుతుంటే ముందు చక్రాలు తేలిపోతాయి. బోల్తా పడితే కాపాడే చట్రం ఈ పాత బండ్లకు ఉండదు. నేను ఒకసారి వాలుకు అడ్డంగా పోతూ పైవైపు చక్రం లేవడం చూశా. ఆ రోజే చట్రం చేయించి బిగించుకున్నా, నడుముకు బెల్టు కూడా. పీటీవో షాఫ్టు గార్డు పగిలిందని పీకి పారేసేవాళ్ళుంటారు. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది, బట్ట కొస చుట్టుకుంటే అరిచే లోపలే అయిపోతుంది.

మూడోగేరు:
మా కట్టర్ షాఫ్టును పట్టి ఉంచే షియర్ బోల్టు తెగుతూనే ఉంది అన్నా. గట్టి రకం బోల్టు వేసేయనా?

గ్రీజుచేతులు:
వద్దు! తెగడమే దాని ఉద్యోగం. నేనూ అలాగే గట్టి బోల్టు వేశా, తర్వాత ఒక మొద్దు తగిలి బోల్టుకు బదులు కట్టర్ గేర్‌బాక్సు పగిలింది. మాటిమాటికీ తెగుతోందంటే బ్లేడు ఎక్కడో తగులుతున్నట్టు. ముందు వైపు వెనకకంటే అంగుళం కిందికి ఉండేలా టాప్ లింకు (కట్టర్‌ను పైన బండికి కలిపే కడ్డీ) సర్దండి. వెనక కిందికి వాలితే కోసిన గడ్డినే మళ్ళీ మళ్ళీ కోస్తుంది, ఇంజనుకు ఊరికే చాకిరీ. బ్లేడ్లు మారిస్తే జతగా మార్చండి.

పాతఇనుము:
జల్లెడ కట్టా, నీళ్ళు మరగట్లేదు. నిన్న తోట మొత్తం కోసేశా. కంచె దగ్గర క్లచ్ తొక్కితే బండి అక్కడికక్కడే నిలబడింది, వెనక కట్టర్ మాత్రం తనంతట తాను తిరిగి తిరిగి ఆగింది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటగానే ఉంది. కాలికి మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. కంచె ఇరవై గజాల దూరంలో ఉండగానే క్లచ్ మీదకు పోతోంది.

గ్రీజుచేతులు:
కాలు దాని తంటా అది పడుతుంది. ఆ ముక్కకు గ్రీజు నిపిల్ ఉంటే కోతకు దిగే ప్రతిసారీ ఒక పోటు కొట్టండి. ఎండి పట్టేస్తే మళ్ళీ గుంజలు పాతుకోవాల్సిందే.