రామాయణం సీరియల్ క్యాలెండర్: ఏ సంవత్సరానిది, సంతకం అసలైనదేనా?

ప్రశ్న (చిక్కడపల్లి నుంచి)

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుండగా, దూరదర్శన్ రామాయణంలో సీతారాములుగా నటించిన దీపికా చిఖ్లియా, అరుణ్ గోవిల్‌ల బొమ్మతో ఒక గోడ క్యాలెండర్ కనిపించింది. ఆ సీరియల్ వచ్చే వేళకు టీవీకి హారతి ఇచ్చిన మా నాయనమ్మ గుర్తుకు రావడంతో బేరమైనా ఆడకుండా కొనేశాను. సంవత్సరం అచ్చువేసిన మూలను ఎలుక కొరికేసింది. అమ్మినాయన అది 1987 నాటిదనీ, బొమ్మ కింద ఉన్నది నటుడు స్వయంగా చేసిన సంతకమనీ అన్నాడు. ఈ రెండూ తేల్చుకోవడం ఎలా? లామినేషన్ చేయించవచ్చా?

జవాబు (మలక్‌పేట నుంచి)

1987 అంటే నేను నమ్మనండి. సీరియల్ ప్రసారం మొదలైందే 1987 జనవరి 25న, కొత్త క్యాలెండర్లేమో ఏడాది మొదలు కాకముందే గోడకెక్కుతాయి. జనవరి 1 శుక్రవారమై, ఫిబ్రవరికి 29 రోజులుంటే అది 1988కి సరిపోతుంది. అయితే 2016లో కూడా తేదీలూ వారాలూ అచ్చం అలాగే వచ్చాయి కనుక, ఈమధ్య అచ్చువేసి టీ నీళ్ళలో ముంచిన సరుకు కాదని తేలాలంటే ఉగాది దగ్గర చూడండి. విభవ అని ఉంటే 1988, దుర్ముఖి అని ఉంటే 2016.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

సంతకాన్ని భూతద్దంతో చూడండి. అచ్చు సంతకమైతే గీత సన్నని చుక్కలుగా విడిపోయి కనిపించవచ్చు. బాల్‌పెన్నుతో చేసినదైతే సిరా గీత తెగకుండా సాగుతుంది, కాగితం వెనుక వేలితో తడిమితే ఒత్తు కూడా తగలవచ్చు. లామినేషన్ మాత్రం వద్దు. వేడికి కరిగి అంటుకున్న జిగురు మళ్ళీ ఊడదు, ఊడదీస్తే రంగు కూడా లేచి వస్తుంది. అంతకన్నా ముందు పైనా కిందా ఉన్న రేకు పట్టీలను మెల్లగా విప్పి తీసేయండి, వానాకాలంలో వాటి తుప్పే కాగితాన్ని తినేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. జనవరి 1 శుక్రవారమే, ఉగాది గడిలో విభవ అనే ఉంది. సంతకం మాత్రం నీలం, ఎరుపు చుక్కలుగా విడిపోయింది. రేకు విప్పితే దాని మడతలో ఎండ తగలని అంగుళం మేర పసుపురంగు నిన్న వేసినంత నిగనిగలాడుతూ బయటపడింది.