అప్‌డేట్: కరిగించేటప్పుడు ఇత్తడిలో జింక్ తగ్గిపోవడం

70/30 ఇత్తడిని (70% రాగి, 30% జింక్) మళ్లీ మళ్లీ కరిగిస్తుంటే రంగు ఎర్రబడుతోందని, మూసలోంచి తెల్లపొగ వస్తోందని అడిగాను కదా. కారణం అతివేడికి జింక్ ఆవిరై పోవడం. ఈ ఇత్తడి పూర్తిగా కరగాలంటే సుమారు 955 డిగ్రీలు కావాలి. జింక్ ఒంటరిగా ఉంటే 907 దగ్గరే మరుగుతుంది. రాగి పట్టి ఉంచుతుంది కాబట్టి ఒక్కసారిగా పోదు గానీ, వేడి పెరిగేకొద్దీ నష్టం వేగంగా పెరుగుతుంది.

ఇప్పుడు పైన బొగ్గుపొడి కప్పి, ఊరికే కలియబెట్టకుండా, కరిగాక ఎక్కువసేపు ఉంచకుండా పోస్తున్నాం. పొగ బాగా తగ్గింది. పోయిన జింక్‌కు బదులుగా చివర్లో 10 కిలోలకు 100–200 గ్రాముల జింక్ కలుపుతున్నాం. ముక్కను ముందే వేడిచేసి, పటకారుతో అడుగుదాకా ముంచాలి. పైన పడేస్తే మండి తెల్లబూడిద అవుతుంది, తడి ఉంటే లోహం చిమ్ముతుంది. ఆ పొగ జింక్ ఆక్సైడ్. పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది. గుడ్డ మాస్కు చాలదు, పొగను బయటికి లాగే ఏర్పాటు ఉండాల్సిందే.