అప్‌డేట్: కొత్త అక్వేరియంలో గప్పీలు వరసగా చనిపోవడానికి కారణం దొరికింది

కొత్తగా పెట్టిన 60 లీటర్ల ట్యాంకులో పది రోజుల్లో ఐదు గప్పీలు (చిన్న రంగురంగుల చేపలు) పోయాయని, మిగిలిన మూడూ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని గత నెల ఇక్కడే అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ.

"ముందు అమ్మోనియా చూడండి" అన్న సలహానే పనిచేసింది. అమ్మోనియా అంటే చేపల మలం, మిగిలిన మేత నుంచి నీళ్లలో చేరే విషం. అమ్మోనియా కొలిచే కిట్ కొని చూస్తే, పసుపుగా ఉండాల్సిన నీళ్లు చిన్న గాజు గొట్టంలో ఆకుపచ్చగా మారాయి. కిట్‌తో వచ్చిన రంగుల కార్డు పక్కన పెడితే 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు), ఉండాల్సింది సున్నా. చాలా భయమేసింది.

షాపాయన అడిగిన మొదటి మాట: "ఫిల్టర్ స్పాంజి ఎక్కడ కడుగుతున్నారు?" వారానికి రెండుసార్లు కుళాయి కింద, మురికంతా పోయేదాకా పిండేవాణ్ణి. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనేనట. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌తో అది చచ్చిపోతూ వచ్చింది.

రోజూ పావు వంతు నీళ్లు మార్చాను, యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లతోనే. మేత రోజు విడిచి రోజు, చిటికెడు. స్నేహితుడి పాత ట్యాంకులోంచి స్పాంజి ముక్క తెచ్చి మా ఫిల్టర్‌లో పెట్టాను. ఇప్పుడు స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండుతున్నాను. నాలుగు వారాలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా.

జవాబుల్లో వచ్చిన మిగతా మాటలు, అంటే హీటర్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), తెల్లమచ్చల జబ్బు మందు, వీటికీ మా సమస్యకీ సంబంధం లేదు. మందు అనవసరంగా వేశాను.

మూడు గప్పీలూ బతికాయి. మొన్న పొద్దున నాచు మొక్క చాటున కనురెప్ప వెంట్రుకంత పిల్లలు కనిపించాయి, లెక్కపెడితే పదకొండు.