‘వినదగు నెవ్వరు చెప్పిన’: వివరించడమంటే ఇక్కడ ఏమిటి?

తిరుపతి, ప్రశ్న నాది:
మా వీధి టీ అంగడి పక్కన వేపచెట్టు కింద ఒక అరుగు ఉంది. ఇద్దరు పెద్దాయనలు ఏళ్ల తరబడి రోజూ పొద్దున అక్కడే పేపరు చదివి, చెరో పార్టీ తరఫునా గట్టిగా వాదించుకుని, చివరికి వన్ బై టూ టీ తాగి లేచేవాళ్లు. ఎన్నికలప్పుడు ఒకాయన గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. అది మన రాష్ట్రానిదే కాదని నాలుగు రోజులకు తెలిసింది. ఈలోపే వాళ్లిద్దరి మధ్య మాటలు పోయాయి. ఇప్పుడు చెరో అంగట్లో టీ. ఆ అరుగు వెనక గోడ మీద సుమతి పద్యం రాయిద్దామని పూనుకున్నాను. రెండో పాదం ‘వినినంతనె వేగిరపడక వివరింపదగున్’ అని నా నోట్లో నానుతోంది. సరైనదేనా? పెయింటర్ రేపు వస్తాడు.

చిత్తూరు, తెలుగు పంతులు:
‘వేగపడక’ అండీ. ఈ పద్యం కందం. కందంలో ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి. ‘గపడక’ నలం. ‘వేగిర’ అంటే ఒక మాత్ర ఎక్కువవుతుంది.

పీలేరు:
అది తేలిపోయింది. నన్ను తొలిచేది ‘వివరింపదగున్’. విన్నాక తొందరపడకుండా వివరించాలట. ఎవరికి వివరించాలి? తర్వాతి పాదంలోనే కల్లా నిజమూ తెలుసుకోమంటున్నాడు. తెలుసుకోకముందే చెప్పడమేమిటి? ఇక్కడ వివరించడమంటే విడదీసి చూసుకోవడమే. పిల్లలకు ‘అందరికీ చెప్పాలి’ అని అర్థం చెబితే పద్యం తలకిందులవుతుంది. విన్న వెంటనే నలుగురికీ చెప్పడమే కదా ఇప్పుడు జరుగుతున్నది! వాట్సాప్ వాళ్లే 2018లో మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టారు.

మదనపల్లె:
కవి మనసులో ఉన్న మాట ‘విచారింపదగున్’ అని నా నమ్మకం. యతికి ‘వి’ సరిపోయింది కానీ ‘విచారిం’ గణంలో పట్టదు. ‘విమర్శిం’ కూడా అంతే. అందుకే ‘వివరిం’ పడింది.

చిత్తూరు, తెలుగు పంతులు:
ఒప్పుకోను. గణం కుదరక దొరికిన మాటతో సర్దుకునే చెయ్యి కాదది. సంస్కృతంలో ‘వివృ’ అంటే మూత తీయడం. విన్నమాట మూత తీసి లోపలేముందో చూడమంటున్నాడు.

పలమనేరు:
అంత దూరం పోనక్కర్లేదు సార్. మా పక్క ‘వాడికి వివరం లేదు’ అంటాం. తెలివీ తారతమ్యమూ లేవని. ‘వివరమైనోడు’ అంటే మంచీ చెడూ ఎరిగినవాడు. ఆ వివరమే ఈ వివరింపు.

మదనపల్లె:
అది అరవం నుంచి వచ్చిన వాడుక. తమిళంలోనూ ‘వివరం’ అంటే అదే.

పలమనేరు:
1911 దాకా మాది అరవమూ తెలుగూ కలిసిన ఉత్తర ఆర్కాటు జిల్లానే అన్నా. మాట ఎటునుంచి ఎటు పోయిందో ఎవరు చూశారు? మా అవ్వకు అరవం ముక్క రాదు, ఆమె నోట విన్నాను.

పీలేరు:
ఇంకో సంగతి. మూడో పాదంలో ‘కనికల్ల నిజము’ అని కలిపి రాస్తే ‘కనికల్ల’ ఏదో ఒకటే మాట అనుకుంటారు. ‘కని’ వేరు. కళ్లతో చూడటమేనా, గ్రహించడమా? అన్నమయ్య ‘కానక కన్నది కైవల్యము’ అన్నాడు చూడండి. కళ్లకు కనపడనిదాన్ని కూడా కన్నాడు. తిరుమలలో ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు బయటపడకపోయి ఉంటే, వేటూరి ప్రభాకరశాస్త్రిగారూ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారూ ఆ పాటల మీద అంత కష్టపడకపోయి ఉంటే ఈ ‘కనడం’ మనకు దక్కేదే కాదు. ఆ పల్లవి ఎప్పుడు పాడుకున్నా నాకు గొంతు పట్టేస్తుంది.

చిత్తూరు, తెలుగు పంతులు:
అన్నమయ్య ‘కన్నది’లో పొందడమనే అర్థం కూడా ఉంది. ఇక్కడ అది పొసగదు.

తిరుపతి:
అయ్యా, పెయింటర్ వచ్చాడు. మొదటి పాదం పూర్తయింది, నీలం రంగు, జానెడు అక్షరాలు. ఆ పెద్దాయనల్లో ఒకరు టీ గ్లాసు పట్టుకునే వచ్చి, కూడబలుక్కుని చదివి, ‘ఎవుర్ని అనేదానికి రాయిస్తా ఉండావు?’ అని అడిగాడు. ఎవర్నీ కాదు పెద్దాయనా అన్నాను. నమ్మలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. చేతులు ఆడక రెండో పాదం ఆపించాను.

పీలేరు:
ఆపొద్దు, రాయించండి. ‘కని’ తర్వాత మాత్రం కాస్త ఎడం ఇవ్వమనండి.