వడకట్టడమా, వార్చడమా? ఫిల్టర్‌కు క్రియ ఏది?

ప్రశ్న, మాదాపూర్ నుంచి:
జావా ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక చిన్న కాన్ఫిగరేషన్ లైబ్రరీని (ప్రోగ్రాముకు సెట్టింగులు అందించే కోడును) ఎలా వాడాలో తెలుగులో రాస్తున్నాను. సెట్టింగులు ఫైళ్ల నుంచీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాము బయట, సిస్టమ్‌లో పెట్టే విలువలు) నుంచీ వస్తాయి. ప్రోగ్రాముకు అందే ముందు ఒక్కొక్కటీ ఫిల్టర్ దాటాలి. ఆ ఫిల్టర్ ఇంటర్‌ఫేసులో (ఫిల్టర్ ఏ పనులు చేయాలో చెప్పే నమూనాలో) ఉన్నది ఒకే మెథడ్, అంటే ఒకే పని. కీని (సెట్టింగు పేరును), విలువను తీసుకుని విలువను తిరిగి ఇస్తుంది. ‘పాస్‌వర్డు ఉన్న కీలను వడకట్టండి’ అని రాస్తే, వాటిని ఉంచాలా తీసేయాలా అని చదివినవారు అడుగుతున్నారు. సరైన క్రియ ఏమిటి?

నల్లకుంట నుంచి:
వారు అడిగింది న్యాయమే. టీ వడకడితే కిందికి దిగినదే మనకు కావాలి, పిప్పి పారేస్తాం. గంజి వార్చితే దిగినది పోతుంది, గిన్నెలో మిగిలిన అన్నం మనది. చెరిగితే గింజ చేటలో నిలిచి పొట్టు ఎగిరిపోతుంది. ఏది మిగలాలో క్రియలోనే చెప్పేయడం మన వంటింటి అలవాటు. మీ ఫిల్టర్‌లా రెండు వైపులా తిరిగేది ‘ఏరడం’ ఒక్కటే అనుకుంటాను: బియ్యంలో రాళ్లు ఏరితే రాళ్లు పోతాయి, చేలో పత్తి ఏరితే పత్తి ఇంటికి వస్తుంది.

ప్రోగ్రామర్లకూ ఈ తికమక ఉన్నదే. 2014లో వచ్చిన జావా 8 స్ట్రీముల్లో (వరుసగా వచ్చే అంశాలపై పనులు చేసే సదుపాయంలో), షరతుకు సరిపడినవాటిని ఫిల్టర్ ఉంచుతుంది. రూబీ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో ఉంచడానికి సెలెక్ట్, తీసేయడానికి రిజెక్ట్ అని ముందునుంచీ రెండు పేర్లు. సెలెక్ట్‌కు మారుపేరుగా ఫిల్టర్ 2018లో చేరింది. అవసరం లేని చేర్పని నా అభిప్రాయం.

మెహదీపట్నం నుంచి:
మాస్టారూ, మీ క్రియలన్నీ ఉంచడం, తీయడం గురించే. ఈ ఇంటర్‌ఫేసు విలువను మార్చగలదు కూడా. పాస్‌వర్డు స్థానంలో చుక్కలు పెట్టి ఇస్తే అది వడకట్టడం అవుతుందా? మా పక్కన ఆసిఫ్‌నగర్‌లో నీటిని శుద్ధి చేసే చోటిని అందరూ ఫిల్టర్ బెడ్స్ అనే అంటారు. నీటిశుద్ధిలో మడ్డి తీయడంతో పాటు క్లోరిన్ కలపడమూ ఉంటుంది, పేరు మాత్రం ఫిల్టరే. అపాచీ టమాయా అనే జావా కాన్ఫిగరేషన్ లైబ్రరీలోని ప్రాపర్టీఫిల్టర్ కూడా అంతే: వచ్చిన విలువనే తిరిగి ఇవ్వవచ్చు, మార్చి ఇవ్వవచ్చు, నల్ (విలువే లేదనే గుర్తు) ఇస్తే ఆ ప్రాపర్టీయే, అంటే ఆ సెట్టింగే, ప్రోగ్రాముకు అందదు.

మాదాపూర్:
మా ఇంటర్‌ఫేసు చేసేవీ ఆ మూడు పనులే. అయితే ‘ఫిల్టర్’ను నామవాచకంగానే ఉంచి, క్రియల దగ్గర ‘ఉంచు’, ‘మార్చు’, ‘తొలగించు’ అని విడదీస్తాను. నల్‌ను ‘ఖాళీ’ అనవచ్చా?

నల్లకుంట:
వద్దమ్మా. ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరమూ లేని పాఠం) కూడా ఒక విలువే. కొందరు పాస్‌వర్డును కావాలనే ఖాళీగా పెడతారు. ‘విలువ లేదు’ అనండి, పొడవైనా ఫరవాలేదు.

మెహదీపట్నం:
‘తొలగించు’ కూడా వద్దు. ఫైలులో ఆ పంక్తి చెక్కుచెదరదు కదా, తొలగించామంటే ఫైలు తెరిచి వెతుక్కుంటారు. ‘దాచు’ అందామంటే దాచడంలో పొదుపు చేయడం కూడా ఉంది.

మాదాపూర్:
సరే, ‘మరుగుపరచు’ అని రాస్తాను. చుక్కలు పెట్టడానికి ‘కప్పు’. రేపు ఆ పేజీ మార్చి ఇక్కడ పెడతాను, మళ్లీ చూడండి.