అందరూ రెడ్‌లో దాటేస్తుంటే నేనొక్కడినే ఆగడం నిజంగా సేఫేనా?

పెడల్_ప్రయాణం
రోజూ పనికి సైకిల్ మీదే వెళ్లొస్తాను. దారిలో ఓ పెద్ద నాలుగు రోడ్ల కూడలి ఉంది. రెడ్ పడితే నేను ఆగుతాను, నాతోపాటు వచ్చే సైకిళ్లవాళ్లలో చాలామంది ఆగరు, అటూ ఇటూ ఓసారి చూసుకుని వెళ్లిపోతారు. వాళ్లను తిట్టడానికి ఈ పోస్టు పెట్టట్లేదు. వాళ్లు చెప్పే కారణం విన్నాక నాకే అనుమానం పట్టుకుంది. గ్రీన్ పడగానే వెనకున్న బైకులు, కార్లు, బస్సులు ఒక్కసారిగా మీదికొస్తాయి, మనం అప్పటికి పెడల్ మీద కాలు పెట్టి బ్యాలెన్స్ చేసుకుంటూనే ఉంటాం, వాటి మధ్య నలిగే బదులు ముందే ఖాళీ చూసుకుని దాటేస్తే సేఫ్ కదా అంటారు. ఆ టెన్షన్ నాకూ తెలుసు, వెనక ఇంజిన్లు రేజ్ అవుతుంటే భుజాలు బిగుసుకుపోతాయి. రెడ్‌లో దాటడం నిజంగానే సేఫా, లేక మనకలా అనిపిస్తుందా? రోజూ తొక్కేవాళ్లు, పెద్ద బండ్లు నడిపేవాళ్లు చెప్పండి. రూల్ రూలే అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకండి, ప్లీజ్.

స్టీరింగ్_వెనక
తమ్ముడూ, నేను లారీ డ్రైవర్ని. క్యాబిన్‌లోంచి ఎలా ఉంటుందో చెప్తాను. గ్రీన్‌లో కూడలిలోకి వచ్చేవాడి కళ్లు ముందు బండి మీద, తను తిరగాల్సిన వైపు ఉంటాయి. రెడ్ ఉన్న రోడ్డు నుంచి ఎవరూ రారన్న లెక్కతోనే వస్తాడు. ఆ లెక్క తప్పితే లోడుతో ఉన్న బండి బ్రేకు తొక్కిన చోట ఆగదు. ఖాళీ చూసుకునే దాటుతున్నాం అంటారు గానీ, ఆగి ఉన్న బస్సు చాటు నుంచి బయటికొచ్చే సైకిల్‌ని అవతలి లేన్‌లో వస్తున్న బండివాడు చూడలేడు, ఆ బండి నీకూ కనపడదు. నువ్వు చూసిన ఖాళీ నీకు కనిపించినంత మేరే.

అలాగని నీ భయం ఉత్తదేం కాదు. ఆగినవాళ్లకీ ప్రమాదం ఉంది, అది చాలాసార్లు ఆగిన చోటు వల్ల వస్తుంది. లారీ పక్కన, ముందు డోరు కింద నిలబడ్డ సైకిల్ చాలా బండ్లలో అద్దానికి అందదు. ఇంకో సంగతి, లారీ తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు రావు, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి. రోడ్డుకి ఎడమవైపు నడిచే చోట ఎడమకి తిరగాలంటే మేం ముందు కాస్త కుడికి జరిగి అప్పుడు తిప్పుతాం. పక్కనున్నవాడికి చోటు పెరిగినట్టు కనిపిస్తుంది, ఆ సందులోకి వస్తాడు, వెనక చక్రాలు వచ్చి ఆ సందు మూసేస్తాయి. ఇండికేటర్ వెలగట్లేదు కదా అని కూడా నమ్మొద్దు.

నువ్వు లారీ వెనకే ఆగు. ముందుకెళ్లడానికి చోటుంటే నా మొహం నీకు కనిపించేంత ముందుకి వెళ్లి, గీత దగ్గర మధ్యలో నిలబడు. పక్కన మాత్రం వద్దు. లండన్‌లో 12 టన్నులు దాటిన లారీలకు క్యాబిన్‌లోంచి నేరుగా ఎంత కనిపిస్తుందో చూసి నక్షత్రాల రేటింగ్ ఇస్తారు, 2024 అక్టోబర్ నుంచి మూడు నక్షత్రాలకు తగ్గితే అదనంగా కెమెరాలు, సెన్సర్లు పెట్టుకోవాల్సిందే. ఇలాంటిది అన్ని చోట్లా రావాలని నేనే కోరుకుంటాను, ఎవరినైనా తొక్కించాక ఇంటికెళ్లి అన్నం తినగలిగే డ్రైవర్ ఉండడు.

మూడు_సెకన్ల_పసుపు
సిగ్నల్ టైమింగులు లెక్కగట్టే పనిలో ఉన్నాను. పై అన్నగారు చెప్పినదానికి లెక్క వైపు నుంచి కొంత కలుపుతాను.

కూడలి వెడల్పు 24 మీటర్లు అనుకోండి. గంటకు 50 కిలోమీటర్ల స్పీడులో కారు దాన్ని రెండు సెకన్లలోపే దాటుతుంది. 15 కిలోమీటర్ల స్పీడులో సైకిల్‌కి ఆరు సెకన్లు దాకా పడుతుంది, అదీ ఆగకుండా వస్తే. ఆగిన చోటు నుంచి మొదలెడితే ఇంకా ఎక్కువ. ఇక పసుపు చాలా చోట్ల మూడు సెకన్లు, ఆ తర్వాత నాలుగు వైపులా ఎర్రగా ఉండే సమయం ఒకటో రెండో సెకన్లు. అంటే పసుపు చివర్లో గీత దాటిన సైకిల్ ఏ తప్పూ చేయకపోయినా అటువైపు వాళ్లకి గ్రీన్ పడేసరికి కూడలి మధ్యలోనే ఉంటుంది. ఈ టైములు కార్ల స్పీడు చూసి పెట్టినవి. రెడ్ పడ్డాక బయల్దేరినవాడి సంగతి చెప్పేదేముంది, వాడికి ఆ కొద్ది సెకన్ల రక్షణ కూడా లేదు.

పెడల్_ప్రయాణం గారూ, మీరు చెప్పిన గ్రీన్ పడగానే తొక్కిసలాట మాత్రం డిజైన్‌లో ఉన్న లోపమే. దానికి మందు ఎప్పుడో కనిపెట్టారు. బండ్ల గీతకు ముందు సైకిళ్లకు వేరే గీత గీయొచ్చు, సైకిల్ సిగ్నల్‌కి నాలుగైదు సెకన్లు ముందు గ్రీన్ ఇవ్వొచ్చు. అన్నిటికన్నా మేలైనది నెదర్లాండ్స్ తరహా కూడలి. అక్కడ మూల దగ్గర ఎత్తుగా చిన్న దిమ్మె కడతారు, దాని వల్ల బండ్లు నెమ్మదిగా తిరగక తప్పదు, సైకిల్ కూడా తిరిగే బండికి పక్కన కాకుండా ఎదురుగా, అద్దంలో కాకుండా ముందు గ్లాసులోంచి కనిపించే చోట ఆగి ఉంటుంది. ఇవి లేని చోట జనాన్ని తిట్టి లాభం లేదు. ఇవి లేవు కదా అని రెడ్‌లో దూరితే ప్రమాదం తగ్గదు, వేరే వైపు నుంచి వస్తుంది, అంతే.

గాలి_ఎదురైతే
సైకిళ్లకు రెడ్‌లో వెళ్లడానికి చట్టమే ఒప్పుకునే చోట్లున్నాయి, అది కూడా చెప్పుకోవాలి. అమెరికాలో ఐడహో రాష్ట్రం 1982లోనే సైకిళ్లకు వేరే నియమం పెట్టింది. ఇప్పుడక్కడ స్టాప్ బోర్డు దగ్గర నెమ్మదించి చూసుకుని వెళ్లొచ్చు, రెడ్ లైటు దగ్గర పూర్తిగా ఆగి, దారి హక్కున్న వాళ్లందరినీ పోనిచ్చాక దాటొచ్చు. 2017లో డెలవేర్ కూడా ఇలాంటి చట్టం చేసింది గానీ స్టాప్ బోర్డుల వరకే, రెడ్ లైటును ముట్టుకోలేదు. ప్యారిస్‌లో 2015 నుంచి చాలా కూడళ్లలో సిగ్నల్ కింద సైకిల్ బొమ్మ, బాణం ఉన్న చిన్న త్రికోణం బోర్డు కనిపిస్తుంది, ఆ బాణం చూపించిన వైపుకే రెడ్‌లో వెళ్లొచ్చు, నడిచేవాళ్లకు ముందు దారివ్వాలి. జర్మనీలో 2020లో సైకిళ్లకు పచ్చ బాణం బోర్డు తెచ్చారు, దానితోనూ ముందు ఆగి ఆ తర్వాతే కుడికి తిరగాలి. ఆ బోర్డు లేని చోట రెడ్ దాటితే సైకిల్‌కైనా 60 యూరోల జరిమానా, రెడ్ పడి ఒక సెకను దాటాక వెళ్తే 100.

నా అభిప్రాయం, ఇవన్నీ కావాలి, అడగాలి. కానీ వీటిలో ఏ ఒక్కటీ అటూ ఇటూ చూసి దూసుకుపొమ్మని చెప్పట్లేదు. ఆగు లేదా నెమ్మదించు, దారివ్వు, తర్వాత వెళ్లు అంటున్నాయి. పైగా అక్కడి డ్రైవర్లకు కూడా ఆ సంగతి తెలుసు, సైకిల్ రావొచ్చని చూసుకుంటారు. చట్టం లేని చోట మనంతట మనం ఆ నియమం పెట్టుకుంటే ఎదుటివాడికి దాని గురించి తెలియదు.

కర్ర_చప్పుడు
ఇంతసేపూ సైకిల్‌కీ బండికీ మధ్య సంగతే మాట్లాడుకున్నారు. జీబ్రా గీతల మీద మేమూ ఉంటాం. నాకు చూపు చాలా తక్కువ. కారొస్తే చప్పుడు వినపడుతుంది, బస్సొస్తే నేల అదరడం తెలుస్తుంది. సైకిల్ వచ్చేది మాత్రం దాని గాలి తగిలాకే తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర బీప్ శబ్దం మొదలైతే నాకిక దారుందని అర్థం, ఆ ఒక్క శబ్దాన్ని నమ్ముకుని రోడ్డు మీద కాలు పెడతాను. అప్పుడు కర్రకి అడుగు దూరంలో ఎవరో సర్రున దూసుకుపోతే నాకేం తగలకపోయినా సరే, మర్నాడు అదే కూడలికి వెళ్లాలంటే కాళ్లు రావు. బండివాడి నుంచి మీకెలాంటి భయమో మీ నుంచి మాకూ అలాంటిదే. ఖాళీగా ఉంది కదా అనుకునే ముందు జీబ్రా గీతల రెండు చివరలూ చూడండి, అక్కడ నిలబడ్డ మనిషి మిమ్మల్ని చూడలేకపోవచ్చు.

పెడల్_ప్రయాణం
అందరికీ థాంక్స్. కర్ర_చప్పుడు గారూ, ఈ కోణం నాకు అస్సలు తట్టలేదు, మా సైకిల్ గ్రూపులో మీ మాటలు పెట్టొచ్చా? స్టీరింగ్_వెనక అన్నా, ఇకపై లారీ వెనకే ఆగుతాను. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. దారిలో ఇంకో చిన్న సిగ్నల్ ఉంది, తెల్లవారుజామున నేనొక్కడినే ఉంటే ఎంతసేపటికీ గ్రీన్ పడదు, వెనక ఏదైనా కారొస్తేనే మారుతుంది. అక్కడ ఏం చేయాలి?

కర్ర_చప్పుడు
తప్పకుండా పెట్టండి.

మూడు_సెకన్ల_పసుపు
అది బండిని పసిగట్టి మారే సిగ్నల్ అయ్యుంటుంది. గీతకు ముందు తారు మీద చదరంగానో ఎనిమిది అంకెలాగో కోసి మళ్లీ పూడ్చిన సన్నటి నల్లటి గీతలు కనిపిస్తాయేమో చూడండి, వాటి కింద తీగ చుట్ట ఉంటుంది. పైన లోహం వస్తే దానిలో కరెంటు తీరు మారుతుంది, అది చూసి సిగ్నల్‌కి బండి వచ్చిందని తెలుస్తుంది. సైకిల్ దాని నట్టనడుమ ఆగితే చాలాసార్లు దొరకదు. చదరం అయితే అంచు గీత మీద రెండు చక్రాలూ నిలిచేలా ఆపండి, ఎనిమిదిలా ఉంటే మధ్య గీత మీద. రిమ్ములు లోహపువి అయితే పట్టుకునే అవకాశం బాగా పెరుగుతుంది. సైకిల్‌ని కొంచెం పక్కకి వాల్చినా కొన్నిసార్లు పనిచేస్తుంది.

అప్పటికీ మారకపోతే దిగి, నడిచేవాళ్ల బటన్ ఉంటే నొక్కి, జీబ్రా గీతల మీద తోసుకుంటూ దాటండి. ఎన్ని సైకిళ్లొచ్చినా మారని సిగ్నల్ అంటే దాని సెన్సిటివిటీ తక్కువకి పెట్టినట్టే, చాలా యంత్రాల్లో దాన్ని పెంచడం పెద్ద పనేం కాదు. ఫిర్యాదు రాసేటప్పుడు సిగ్నల్ పనిచేయట్లేదు అని మాత్రం రాయకండి, ఎవరో కారులో వచ్చి చూసి బాగానే ఉందని రాసి వెళ్లిపోతారు. ఏ వైపు రోడ్డు, ఏ లేన్, ఎన్ని గంటలకి, సైకిల్‌ని గుర్తించట్లేదు అని విడిగా రాయండి, తారు మీద గీతల ఫోటో జత చేయండి.